మందుల గడిలో రెండక్షరాలు

మా ల్యాబ్‌లో రక్తం తీసే ముందు ఒక ఫారం నింపాలి. పేరు, వయసు, ఏ డాక్టర్ పంపారు, పొద్దున ఏమైనా తిన్నారా, అన్నిటికన్నా చివర ‘వాడుతున్న మందులు’ అని ఒక గడి. ఆ గడి రెండు వేళ్ల వెడల్పు ఉంటుంది. ఆడవాళ్ల ఫారాల్లో నూటికి తొంభైసార్లు అందులో ‘లేవు’ అనే ఉంటుంది. ఆడవాళ్లంతా ఇంత ఆరోగ్యంగా ఉంటే మందుల షాపులవాళ్లు ఎలా బతుకుతున్నారో నాకు అర్థం కాదు.

కారణం మా మైకు. కౌంటర్లో కూర్చునే ఆవిడకి మేం పెట్టుకున్న పేరు అది. గొంతు తగ్గించడం ఆవిడకి ఎవరూ నేర్పలేదు. “ఏమ్మా, మందులేమైనా వాడుతున్నారా? నిద్ర మాత్రలు? పిల్లలు పుట్టకుండా మాత్రలు? మూలశంకకి ఏమైనా?” అని అద్దం వెనకనుంచి అడిగిందంటే బయట స్కూటర్ ఆపుతున్నవాడు కూడా తల తిప్పి చూస్తాడు. లోపల బెంచీ మీద అత్తగారో, మొగుడో, ఎదురింటావిడో కూర్చునే ఉంటారు. ఏ మహాతల్లి చెబుతుంది? “ఏం లేవండీ” అంటుంది. మైకు అదే రాస్తుంది. సైన్సు సగం అక్కడే చస్తుంది. మిగతా సగం లోపల నా మిషన్ దగ్గరికి వస్తుంది.

నేను హార్మోన్ల మిషన్ చూస్తాను. పంతొమ్మిదేళ్లయింది. నాకు నోరు పెద్దదని పేరు. ఆ పేరు నిలబెట్టుకోవడంలో ఎన్నడూ అశ్రద్ధ చేయలేదు.

ఆ ల్యాబ్‌లో నేను పెట్టిన రూలు ఒకటుంది. కార్టిసాల్ అని ఒక హార్మోను. మూత్రపిండాల నెత్తిన టోపీల్లా కూర్చుని ఉండే అడ్రినల్ గ్రంథులు దాన్ని తయారు చేస్తాయి. జ్వరం వచ్చినా, దెబ్బ తగిలినా, ఇంట్లో పెద్దవాళ్లు అరిచినా మనిషిని నిలబెట్టేది అదే. ఎవరైనా ఆడమనిషికి అది మరీ ఎక్కువ వస్తే నేను రిపోర్టు ఆపేసి, ఫోన్ చేసి అడుగుతాను, ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలేమైనా, అంటే గర్భం రాకుండా వేసుకునేలాంటివి, వాడుతున్నారా అని. ఫారంలో ‘లేవు’ అన్నవాళ్లే ఫోన్లో ‘అవునండీ’ అంటారు.

సంగతేమిటంటే, కార్టిసాల్ రక్తంలో ఒంటరిగా తిరగదు. దాన్ని మోసుకు తిరిగే ప్రోటీన్ ఒకటుంది. చాలా భాగం దాన్ని అంటిపెట్టుకునే ఉంటుంది, అంటిపెట్టుకున్నంతసేపూ ఏ పనీ చేయదు. విడిగా ఉన్న ఆ కాస్తే కణాల్లోకి వెళ్లి, అక్కడ తనని అందుకునే రిసెప్టర్‌ని పట్టుకుని పని చేయిస్తుంది. ఈస్ట్రోజెన్ మాత్ర మింగితే కాలేయం ఆ మోసే ప్రోటీన్‌ని బోలెడు తయారు చేస్తుంది. మా మిషన్‌కి మోతలో ఉన్నదీ విడిగా ఉన్నదీ తేడా తెలియదు. అన్నీ కలిపి లెక్కపెట్టి అంకె చూపిస్తుంది. ఇల్లంతా చుట్టాలే, గిన్నె కడిగే చెయ్యి మాత్రం ఎప్పటిదే. తలలు లెక్కపెట్టి పని సాగిపోతోందనుకుంటే ఎలా?

ఈ ముక్క కొత్తగా చేరినవాళ్లందరికీ నేనే పాఠం చెబుతాను. డాక్టర్లకీ చెబుతాను, వాళ్లు అడగకపోయినా.

ఇక మా ఇంటి సంగతి. కింది వాటాలో అత్తగారు, మా ఆయన, నేను. పై వాటాలో మరిది, మా తోడికోడలు, వాళ్ల ఆరేళ్ల కూతురు. తోడికోడల్ని అందరం ‘చిన్నది’ అంటాం. ముప్పై నాలుగేళ్లు వచ్చినా చిన్నదే. వీధివైపు గదిలో దానికి బట్టలు సరిచేసే దుకాణం ఉంది. పొడుగైన ప్యాంటు మడిచి కుట్టడం, బిగుతైన నడుము వదులు చేయడం, జిప్పులు మార్చడం. సుద్దముక్కతో గీత గీసిందంటే స్కేలు పెట్టి చూడక్కర్లేదు.

అలాంటి మనిషి ఎనిమిది నెలలుగా కుట్టుమిషన్ మీద తల వాల్చి కూర్చుంటోంది. నిలబడితే కళ్లు తిరుగుతున్నాయనేది. తిండి సహించదు, కానీ వంటింట్లోకి వచ్చినప్పుడల్లా ఉప్పు డబ్బా తీసి అరచేతిలో వేసుకుని నాకేది. ఎంత చిక్కిపోయిందంటే తన బట్టలు తనే మూడుసార్లు లోపలికి కుట్టుకుంది. గది దాటి బయటికి రాని మనిషికి వేళ్ల కణుపులు నల్లబడ్డాయి, అరచేతి గీతలు పెన్సిల్‌తో దిద్దినట్టు కనిపించేవి.

ఇంట్లో వైద్యులకి కొదవలేదు. “ఎండలో తిరుగుతోంది” అన్నారు అత్తగారు. “ఫోన్ ఎక్కువ చూస్తోంది” అన్నాడు మరిది. మా ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండా “విటమిన్లు తక్కువ” అన్నాడు.

“మా కాలంలో మాకు అలసిపోవడానికి తీరికేదీ?” అని అత్తగారు తీర్పు చెప్పేశారు. “పని ఎగ్గొట్టడానికి ఇదొక కొత్త జబ్బు.”

అత్తగారికి చిన్నదాని మీద అసలు కోపం వేరు. మనవరాలికి తమ్ముడు కావాలి. రోజుకొకసారైనా ఆ మాట ఎత్తకపోతే ఆవిడకి పొద్దు గడవదు. మొదటి కాన్పులోనే చిన్నది చచ్చి బతికింది. ఇంక వద్దని అప్పుడే నిశ్చయించుకుంది. మొగుడితో చెప్పింది కూడా. “నువ్వేం మాట్లాడకు, అమ్మతో నేను మాట్లాడతాను” అన్నాడు మరిది. అని మూడేళ్లయింది. మాటలు వెతుక్కుంటూనే ఉన్నాడు.

ఈలోగా ఆ పని నేను చూసుకున్నాను. నెలకొకసారి ల్యాబ్ నుంచి వచ్చేటప్పుడు గర్భం రాకుండా మాత్రలు కొని తెచ్చి దాని చేతిలో పెట్టేదాన్ని. అది వాటిని గుండీల డబ్బాలో అడుగున దాచేది. ఆ ఇంట్లో ఆ రహస్యం తెలిసింది మా ఇద్దరికే అని మా నమ్మకం. ఇద్దరు ఆడవాళ్లు మూడేళ్లు ఒక మాట దాచగలిగారని నాకు కాస్త గర్వంగా కూడా ఉండేది.

ఒకరోజు చిన్నది మెట్ల మీద కూలబడింది. ఇంక ఆగలేక పెద్ద డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన పేరుతో మాకు పనిలేదు. ల్యాబ్‌లో అందరం ఆయన్ని ‘నార్మల్ గారు’ అంటాం. రోగి మొహం చూడరు, రిపోర్టు చూస్తారు. అంకె రెండు గీతల మధ్య ఉంటే “నార్మల్” అంటారు. గీత దాటితే “మళ్లీ చేయించండి” అంటారు. ఆయనకి వచ్చిన వైద్యం ఇంతే. ఆయన గది ముందు వరస మాత్రం వీధి దాకా ఉంటుంది.

రాసిన పరీక్షల్లో కార్టిసాల్ కూడా ఉంది. మర్నాడు పొద్దున్నే చిన్నదాన్ని మా ల్యాబ్‌కే తీసుకొచ్చాను. “నిజంగా జబ్బో కాదో నా చెవులతో నేను వింటాను” అని అత్తగారు కూడా బయల్దేరారు. మైకు నోటికి చిక్కకుండా చేద్దామని ఫారం నేనే తీసుకుని నింపడం మొదలుపెట్టాను. అత్తగారు కళ్లజోడు పెట్టుకుని నా భుజం మీదనుంచి తొంగిచూస్తున్నారు. పేరు, వయసు, డాక్టర్. చివరి గడి దగ్గరికి వచ్చాను.

‘లేవు’ అని రాశాను.

ఇంటి గుట్టు దక్కించానని నా ఉద్దేశం. చిన్నది బల్ల కింద నా చెయ్యి మెల్లిగా నొక్కింది కూడా.

ఆ రక్తం మిషన్‌లో పెట్టింది నేను. అంకె పదమూడు వచ్చింది. ఆరుకీ ఇరవై మూడుకీ మధ్య ఉండాలి. పదమూడు బుద్ధిమంతురాలిలా నడిమధ్యలో కూర్చుంది. అమ్మయ్య అనుకుని సంతకం పెట్టింది కూడా నేనే.

నార్మల్ గారు రిపోర్టు చూసి చెప్పాల్సిన మాట చెప్పారు. “అడ్రినల్ బ్రహ్మాండంగా ఉంది. సోడియం ఒక్కటి కొంచెం తక్కువ. ఉప్పు తక్కువ తింటున్నారా అమ్మా?”

“డబ్బాలకి డబ్బాలు నాకుతోందండీ” అన్నాను.

“మరీ మంచిది. ఇదంతా మనసుకి సంబంధించింది. ఏదైనా హాబీ పెట్టుకోండి.”

“బట్టలు కుడతానండీ” అంది చిన్నది.

“అది పనమ్మా. హాబీ అంటే సంతోషంగా చేసేది.”

అది సంతోషంగానే కుట్టేది. ఆ సంగతి ఆయనకి ఎవరు చెప్పాలి? చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, అక్కడ వినే అలవాటే లేదు.

అత్తగారు ఆ రిపోర్టుని ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతంతో అంటించారు. చిన్నది కుర్చీలో కూలబడినప్పుడల్లా చూపుడు వేలు అటు చూపించేవారు. “డాక్టర్ రాసిచ్చాడు. నీకేం లేదు. లే.” అది లేచేది. గోడ పట్టుకుని లేచేది. నేను కూడా రెండుసార్లు “కాస్త ఓపిక తెచ్చుకోవే” అన్నాను. ఈ మాట దాచుకోవాలని ఉంది, కానీ దాచడం వల్ల ఏమవుతుందో చెప్పడానికే ఈ కథ మొదలుపెట్టాను కాబట్టి చెబుతున్నాను.

ఐదు వారాలు గడిచాయి. ఒక మంగళవారం పొద్దున మిషన్ ముప్పై ఆరు చూపించింది. ఎవరో ఆడమనిషి, వయసు ముప్పై. ఫారం తీశాను. మందుల గడిలో ‘లేవు’. నా రూలు ప్రకారం ఫోన్ చేశాను.

“ఒక్క నిమిషం ఉండండి” అని గుసగుసగా అందామె. చెప్పుల చప్పుడు, తలుపు చప్పుడు వినిపించాయి. తర్వాత గొంతు కాస్త పెరిగింది. “మెట్ల మీదికొచ్చాను. మా అత్తగారు పక్కనే ఉన్నారు. వాడుతున్నానండీ, ఆ మాత్రలే. రెండేళ్ల నుంచి. ఒంట్లో ఏమీ లేదు, గుర్రంలా ఉన్నాను. ఉద్యోగంలో పెట్టుకోవడానికి అన్ని పరీక్షలూ అడిగారు.”

నవ్వుకున్నాను. రిపోర్టు కింద ‘మాత్రల ప్రభావం కావచ్చు’ అని టైపు చేయబోయాను. ‘మా’ కొట్టాను. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఆ మాత్రే. గుర్రంలా ఉన్న మనిషికి ఆ మాత్ర వాడితే ముప్పై ఆరు. మరి అదే మాత్ర వాడుతున్న మా చిన్నదానికి పదమూడు!

అంకె ఎక్కువ వస్తేనే నాకు అనుమానం. నడిమధ్యలో వస్తే దణ్ణం పెట్టి పంపించేస్తాను. ముప్పై దాటాల్సిన మనిషికి పదమూడే ఉందంటే, ఉన్న ఆ పదమూడూ మోతలోనే కూర్చుంది. పనిచేసే హార్మోను దాదాపు ఖాళీ. ఊరందరికీ పాఠాలు చెప్పే నాకు, నేను కొనిచ్చిన మాత్ర, నేను నింపిన ఫారం, నేను చేసిన పరీక్ష కనపడలేదు. దీపం కింద చీకటి అంటే విన్నాను. ఆ దీపం నేనే అయినప్పుడు ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

ఇంటికి ఫోన్ చేశాను. అత్తగారు ఎత్తారు.

“రాత్రి నుంచి జ్వరమట, వాంతులట. నాటకం ముదిరింది” అన్నారు. “రిపోర్టు నార్మల్ కదా, ఇంకేం జబ్బు!” ఆవిడ గొంతులో మాత్రం ఎప్పటి జోరు లేదు. “ఒకసారి రా అమ్మాయ్. మొహం బాగా లేదు.”

నేను వెళ్లేసరికి చిన్నది కుట్టుమిషన్ పక్కన నేల మీద పడుకుని ఉంది. చుట్టూ ఎవరివో సగం కుట్టిన ప్యాంట్లు. “లేవలేనక్కా” అంది. నాలుక తడబడుతోంది. టాక్సీలో దాని తల నా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అంత భయం నాకు ఎప్పుడూ వేయలేదు.

ఆసుపత్రిలో నర్సు రక్తపోటు చూసి ఒకసారి నా మొహం చూసింది. పై అంకె డెబ్బైయే. నార్మల్ గారు వచ్చారు. ఫైలు చూశారు, మంచం మీద మనిషిని కాదు.

“మొన్నేగా అన్నీ చూశాం. కార్టిసాల్ పదమూడు. ఇది ఏదో తిన్నది పడక వచ్చింది. సెలైన్ పెట్టండి, పొద్దుటికి సర్దుకుంటుంది.”

అది పొద్దుటిదాకా ఉండదని నాకు తెలుసు. మంచం కాళ్ల దగ్గర అత్తగారు, కిటికీ దగ్గర మరిది. నేను నోరు తెరవబోతున్నానని చిన్నదానికి అర్థమైంది. దిండు మీద తల మెల్లిగా అటూ ఇటూ ఆడించింది, వద్దన్నట్టు. ప్రాణం పోతోంది, గుట్టు మాత్రం పోకూడదు! నాకు దాని మీద, నా మీద, ఆ గదిలో ఉన్న అందరి మీదా ఒళ్లు మండిపోయింది.

“డాక్టర్ గారూ, ఆ పదమూడుని నమ్మకండి” అన్నాను. “అంకె సరైనదే, దాని అర్థమే తప్పు. ఈ పిల్ల మూడేళ్ల నుంచి గర్భం రాకుండా మాత్రలు వాడుతోంది. ఈస్ట్రోజెన్ ఉన్నవి. అవి వాడే మనిషికి ముప్పై పైన రావాలి. పదమూడే వచ్చిందంటే లోపల ఏమీ లేదు.”

“ఫారంలో ‘లేవు’ అని ఉందే?”

“ఉంది. రాసింది నేనే.”

నేను అత్తగారి వైపు చూడలేదు.

“రక్తం తీసి పరీక్షకి పంపండి. కానీ రిపోర్టు కోసం ఆగకండి. స్టెరాయిడ్ ఇంజక్షన్ ఇప్పుడే ఇవ్వండి.”

“నాకు వైద్యం నేర్పుతున్నావా?”

“లేదండీ. దాని చెయ్యి ఒకసారి చూడమంటున్నాను.”

ఆయన చూశారు. ఇన్ని నెలల్లో ఒక డాక్టర్ దాని చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి. అరచెయ్యి తిప్పి నల్లటి గీతలు చూశారు. పెదవి కిందికి లాగి చిగుళ్లు చూశారు. అవీ నల్లగానే ఉన్నాయి, అడ్రినల్ చచ్చుబడ్డవాళ్లకి ఉండేట్టే. నర్సు వైపు తిరిగి మందు పేరు చెప్పారు. ఎంత త్వరగా అంటే, ఆయన ఎప్పటి నుంచో అదే చెప్పాలనుకుంటున్నట్టు చెప్పారు.

గంటలో రక్తపోటు తొంభై దాటింది. రెండు గంటలకి చిన్నది కళ్లు తెరిచి మంచినీళ్లు అడిగింది. తర్వాత వచ్చిన పరీక్షలన్నీ ఒకే మాట చెప్పాయి. దాని ఒంట్లోని రక్షణ వ్యవస్థే దాని అడ్రినల్ గ్రంథుల్ని శత్రువులనుకుని తినేస్తోంది. ఇంక జీవితాంతం ఆ హార్మోన్లు మాత్రల రూపంలో మింగాలి. మింగితే అందరిలాగే ఉంటుంది.

ఇక నా శిక్ష మిగిలింది. వరండాలో బెంచీ మీద అత్తగారి పక్కన కూర్చున్నాను.

“గుండీల డబ్బాలోనేగా?” అన్నారు ఆవిడ.

తల తిప్పి ఆవిడ మొహంలోకి చూశాను.

“రెండేళ్లయింది చూసి. జాకెట్టు గుండీ కోసం చెయ్యి పెట్టాను.”

“మరి తెలిసీ... రోజూ మనవడు, మనవడు అని దాన్ని ఎందుకు కాల్చుకు తిన్నారు అత్తయ్యా?”

“ఎప్పుడైనా నోరు తెరిచి ‘వద్దు’ అంటుందేమోనని చూశాను. అది అనదు. నువ్వూ అనవు. ఊళ్లో అందరి మీదా లేస్తుంది నీ నోరు.” కొంగుతో కళ్లజోడు తుడుచుకున్నారు. “నువ్వు ఆ రోజు ‘లేవు’ అని రాస్తుంటే కూడా చూశాను. నేను మాత్రం ఏమన్నాను? నోరు మూసుకున్నాను.”

మరిది సరేసరి, ముందే పసిగట్టాడట. మా ఆయనకి కూడా తెలుసునట, పేపరు చదువుతూనే తెలుసుకున్నాడు. ఇంటి గుట్టు లంకకి చేటు అంటారు. మా ఇంట్లో గుట్టు బయట పడినందుకు చేటు రాలేదు. ఇంట్లో అందరికీ తెలిసి, అందరూ ఒకరి నుంచి ఒకరు దాచుకుని, తెలియాల్సిన ఒక్క డాక్టర్‌కి తెలియనందుకు వచ్చింది.

నార్మల్ గారు మూడు నెలల తర్వాత డాక్టర్ల సభలో ఈ కేసు గురించి మాట్లాడారు. రోగి అరచేతి గీతలు చూసి తాను జబ్బు ఎలా పసిగట్టారో వివరించారట. ‘రోగి మందుల వివరాలు దాచడం’ అన్న శీర్షిక పెట్టి తెర మీద ఫారం ఫోటో కూడా చూపించారట. చప్పట్లు బాగా పడ్డాయని విన్నాను. తెల్లారి ల్యాబ్‌కి వెళ్లగానే ఆయనకి ఫోన్ చేసి నాలుగు కడిగేద్దామనుకున్నాను. నంబరు కూడా నొక్కాను. ‘రోగి దాచలేదు’ అని మొదలుపెడితే తర్వాత ఎవరు దాచారో చెప్పాలి. పెట్టేశాను.

మొన్న చిన్నదాన్ని మళ్లీ పరీక్షకి తీసుకెళ్లాం. బుగ్గలు నిండాయి. లోపలికి కుట్టుకున్న బట్టలన్నీ మళ్లీ విప్పి వదులు చేసుకుంటోంది. అత్తగారు కూడా వచ్చారు. ఫారం నేను ముట్టుకోలేదు. మైకు అద్దం వెనకనుంచి అడిగింది. “ఏమ్మా, మందులేమైనా వాడుతున్నారా?”

హాలంతా తలలు తిరిగాయి. చిన్నది ఒక్కొక్కటీ చెప్పింది. హార్మోన్ మాత్ర పొద్దునొకటి, మధ్యాహ్నం సగం. ఉప్పు నిలవడానికి ఇంకొకటి. అక్కడ ఆగి ఊపిరి తీసుకుంది. “గర్భం రాకుండా మాత్ర. మూడున్నరేళ్ల నుంచి. ఇప్పుడూ వాడుతున్నాను, ఆపను.”

బెంచీ మీద ఎవరో కిసుక్కుమన్నారు. అత్తగారు వెనక్కి తిరిగారు.

“ఏం, ఎప్పుడూ మందు పేరు వినలేదా?” అని, మైకు వైపు చూసి, “సరిగ్గా రాసుకో అమ్మా. చోటు చాలకపోతే పక్కన రాయి” అన్నారు. మైకు మొదటిసారి గొంతు తగ్గించి “అలాగేనండీ” అంది.

నా రూలు ఇప్పుడు మారింది. అంకె ఎక్కువ వచ్చినా, తక్కువ వచ్చినా, నడిమధ్యలో వచ్చినా ప్రతి ఆడమనిషికీ ఫోన్ చేస్తాను, మెట్ల మీదికి వచ్చేదాకా ఆగుతాను. పని రెట్టింపయిందని తోటివాళ్లు తిట్టుకుంటారు. తిట్టుకోనీ.

పాత ఫారం ఫైల్లోంచి తీసి నా సొరుగులో పెట్టుకున్నాను. ‘లేవు’, రెండే అక్షరాలు, గుండ్రటి నా దస్తూరీ. ఎవరి మీదైనా నోరు పారేసుకోబోయే ముందు దాన్ని ఒకసారి తీసి చూసుకుంటాను. ఇది రాయబోయే ముందు కూడా చూసుకున్నాను.